జర్మనీ అంగడి మర్యాదలు

జర్మనీకి చదువబోయిన తెలుగు విద్యార్థి శనివారము రాత్రి బియ్యము కొనుట మరచెనా, మరునాడు అన్నమునకు కరవే! రైలు స్టేషనులలోని దుకాణములు, రొట్టెల అంగళ్లు మొదలగు కొన్నింటికి తప్ప ఆదివారము సెలవు. ఈ దినమునకు 1919 నాటి వైమార్ రాజ్యాంగము విశ్రాంతిదినముగా రక్షణ కల్పించగా, 1949 నాటి రాజ్యాంగము దానినే నిలుపుకొన్నది. సరకు లెక్కగట్టు స్త్రీకిని బిడ్డలతో గడుపుటకు ఒక దినము వలయును గదా!

సీసాల మర్యాద మరింత వింత. ఒకసారి వాడి పారవేయు నీళ్లసీసాపై 2003 నుండి ధరావతు వసూలు చేయుచున్నారు. నేడది 25 సెంట్లు. ఖాళీసీసాను అంగడిలోని యంత్రమున వేసినచో చీటీ వచ్చును. దానిని చూపి సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఆ సొమ్మును లెక్కచేయనివారు కొందరు సీసాను చెత్తతొట్టిలో పడవేయక ప్రక్కన నిలిపి పోవుదురు, ఏరుకొను పేదవాడు లోపల చేయి పెట్టనక్కరలేకుండ.