దమ్ముమడిలో విద్యుత్ ట్రాక్టరు: సరళ రూపకల్పన, మన్నిక

పటమటను ఆనుకొని ఉన్న జవహర్ ఆటోనగర్ లారీ బాడీల నిర్మాణానికీ, వాహనాల మరమ్మతుకూ పేరుపొందిన పారిశ్రామికవాడ. లేత్ పని, వెల్డింగ్, గేర్‌బాక్సు పని అక్కడ పక్కపక్కనే దొరుకుతాయి. కృష్ణా డెల్టాకు తగిన విద్యుత్ ట్రాక్టరును రూపొందించేటప్పుడు బ్యాటరీతో పాటు ఈ నైపుణ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు వదిలాక ఊళ్ళన్నీ దాదాపు ఒకేసారి దమ్ముకు దిగుతాయి. ఆ రోజుల్లో ట్రాక్టరు ఆగిపోతే నారు ముదురుతుంది, పిలకలు తగ్గుతాయి. కాబట్టి పాడైన బండిని ఎవరు, ఎంతసేపట్లో బాగుచేయగలరన్నదే రైతు దృష్టిలో మన్నిక.

శక్తి లెక్క కొంత నిరుత్సాహకరమే. లీటరు డీజిల్‌లో సుమారు 10 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. ఇంజను అందులో నాలుగో వంతుకు కాస్త ఎక్కువను మాత్రమే పనిగా మారుస్తుంది. గంటకు 4 లీటర్లు తాగే ట్రాక్టరు పనిని విద్యుత్తుతో చేయాలంటే గంటకు దాదాపు 12 కిలోవాట్ గంటలు కావాలి. 2020 డిసెంబరులో విడుదలైన సోనాలికా టైగర్ ఎలక్ట్రిక్ చిన్న ట్రాక్టరు; దాని బ్యాటరీ సామర్థ్యం 25.5 కిలోవాట్ గంటలు. అంత బ్యాటరీ ఈ భారానికి రెండు గంటలే వస్తుంది. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది. మెట్టదుక్కిలో బరువు చక్రానికి పట్టునిస్తుంది. దమ్ముమడిలో అదే బరువు బండిని దిగబెడుతుంది. గంట పనికి సరిపడే బ్యాటరీ పెట్టెను గట్టు మీద మార్చుకోవచ్చుననే వాదన ఉంది. అయితే ఆ పెట్టె సుమారు 100 కిలోలు తూగుతుంది. చైన్ బ్లాకు లేనిదే కదలదు.

బురద అంతకన్నా పెద్ద సమస్య. ఐపీ67 ప్రమాణం ఒక మీటరు లోతున అరగంట పాటు మంచినీటిలో ముంచి చేసే పరీక్షకు సంబంధించినది. మడిలో పరిస్థితి వేరు. పనిచేసి వేడెక్కిన మోటారు చల్లని నీటిలోకి దిగగానే లోపలి గాలి సంకోచించి, సీలు అంచుల నుండి తడిని లోపలికి పీలుస్తుంది. మోటారు పెట్టె నుండి ఒక గొట్టాన్ని డ్రైవరు సీటు ఎత్తుకు తీసుకుపోతే ఈ పీడనం తొలగిపోతుంది. ఇది అతి చౌకైన ఉపాయం.

మోటారుకు గేర్లు అక్కరలేదన్న మాట రోడ్డు మీద చెల్లుతుంది. మడిలో చక్రం కూరుకుపోయినప్పుడు మోటారు ఒక్కటే బలం చూపాలంటే కరెంటు విపరీతంగా పెరిగి వైండింగు కాలుతుంది. చిన్న గేరు వేస్తే అదే బలం తక్కువ కరెంటుతో వస్తుంది. అందువల్ల చేతి గేరు, క్లచ్, కాలి బ్రేకు, హైడ్రాలిక్ లివరు యథాతథంగా ఉండడమే మేలు. చేత్తో లాగి సరఫరాను తెంచే స్విచ్చు తప్పనిసరి. శాశ్వత అయస్కాంత మోటారు కన్నా ఇండక్షన్ మోటారు కాస్త బరువైనా, వ్యవసాయ పంపుసెట్ల మోటార్లు చుట్టే పనివారు దానినీ చుట్టగలరు.

కంట్రోలరు ఒక్కటే స్థానికంగా బాగుపడనిది. అది నాలుగు బోల్టులతో విడివడే పెట్టెగా, వేరే తయారీదారుది కూడా అమరేటట్లు ఉండాలి. హైదరాబాదుకు చెందిన సెలెస్టియల్ ఈ-మొబిలిటీ 2020లో విద్యుత్ ట్రాక్టరును పరిచయం చేసింది. 2022లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అందులో అధిక వాటా తీసుకుంది. తయారీ పెద్ద సంస్థల చేతికి వెళ్తున్న ఈ దశలోనే వైరింగ్ పటమూ, కంట్రోలరు సంకేతాల వివరణా బండితో పాటు కొనుగోలుదారుకు అందే నిబంధన రావాలి. అవి లేనప్పుడు ఒక సెన్సారు తీగ తెగినా ఆటోనగర్ మెకానిక్కు చేయగలిగింది ఏమీ ఉండదు.