'దిద్దుబాటు' కథయందు కథనశిల్పము

గురజాడ వేంకట అప్పారావుగారి (1862-1915) 'దిద్దుబాటు' 1910వ సంవత్సరమున 'ఆంధ్రభారతి' పత్రికయందు వెలువడినది. సానిపాటలకు మరగిన భర్తను విద్యావతియైన భార్య దిద్దుకొనుట ఇందలి ఇతివృత్తము. కావున దీనిని సంస్కరణోద్దేశము గల కథగా పరిగణించుట వాడుక. ఆ ఉద్దేశము ఇతివృత్తముకంటె కథనరీతియందే ఎక్కువగా ఫలించినదని మేము తలంచుచున్నాము.

అర్ధరాత్రము దాటినపిదప గోపాలరావు ఇల్లు చేరుటతో కథ ఆరంభమగును. కథనము ప్రథమపురుషయందే సాగినను, కథకుని దృష్టి గోపాలరావు దృష్టిని దాటి పోదు. కమలిని కానరాదు. ఆమె యెచట నున్నదో అతడెఱుగడు; మనమును ఎఱుగము. మంచము క్రింద దాగియున్నదని కథకుడు ముందే తెలిపియుండినచో మనము అతని పాటు చూచి నవ్వుకొనుచు కూర్చుండెడివారము. ఆ సంగతిని చివరివఱకు దాచుటచేత అతని కలవరము మనకును సంక్రమించినది. తుదకు ఆమె నవ్వు వినబడినపుడు దిద్దుబాటు అతనికి మాత్రమే కాక, అతనితోపాటు భ్రమించిన మనకును జరుగుచున్నది.

రెండవ సాధనము లేఖ. కమలిని అందు భర్తను నిందింపదు. తన ఉనికియే అతని అసత్యములకు కారణమైనదని చెప్పి తప్పుకొనుచున్నట్లు వ్రాయును. ఆ వినయమే వ్యంగ్యము. స్త్రీవిద్యను కొనియాడెడి గోపాలరావునకు ఆ విద్యయే లేఖారూపమున ఎదురు నిలిచినది. సేవకుడైన రాముని జానపద సంభాషణము ప్రక్కన ఈ లేఖ చేరుటచే, కూర్చిన మాటకును నోటి మాటకును గల భేదము స్ఫుటమైనది.

అయినను ఈ శిల్పమునకు ఒక మూల్యము కలదు. కథను నడపినది కమలిని. కాని ఆ రాత్రి ఆమె మనస్సున నేమి మెదలినదో మనకు తెలియదు. లేఖయు నవ్వును తప్ప ఆమెనుండి మనకు చేరునది లేదు. ఉత్తమపురుషయందు ఒక యువకుడు చెప్పెడి 'మెటిల్డా' కథలోను నాయిక పరుల చూపునకు గోచరించినంతవఱకే మనకు గోచరించును. స్త్రీకి విజయము నొసగిన కథకుడు ఆమెకు కథనాధికారము నొసగలేదు. అప్పారావుగారి కథలను బోధించునపుడు "ఎవరు గెలిచిరి?" అను ప్రశ్నతో నిలిచిపోక, "ఎవరి కన్నులతో చూచితిమి?" అని కూడ విద్యార్థులచే విచారింపజేయుట అవసరము.