చెయ్యి జివ్వుమంటే...

"వదినా! మీ మోటారు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందేమిటి?"

"అది ఎప్పుడూ అంతేలే. కొంచెం కొడుతుంది. భయం లేదు."

ఇలాంటి మాటలు మనం తరచూ వింటాం. కానీ వదిన చెప్పింది తప్పు. ఆ 'జివ్వు' ఒక కబురు. వైరులో ఉండాల్సిన కరెంటు బయటికి వచ్చిందని చెప్పే కబురు. ఇవాళ కొంచెమే కొట్టింది. రేపు మన చేతులు, కాళ్ళు తడిసి ఉంటే అదే కరెంటు ప్రాణం తీయవచ్చు.

ఉప్పు నీళ్ళు - కరెంటు

కరెంటు బయటికి వస్తే భూమిలోకి దారి వెతుక్కుంటుంది. ఎండుకర్ర, రబ్బరు, గాజు దానికి దారి ఇవ్వవు. ఇనుము, రాగి, తడి దారి ఇస్తాయి. మన ఒళ్ళు కూడా దారి ఇస్తుంది. తడిసిన ఒళ్ళు ఇంకా బాగా ఇస్తుంది.

మంచినీళ్ళకంటే ఉప్పునీళ్ళలో కరెంటు చాలా తేలిగ్గా పారుతుంది. ఎర్త్ గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేయడం మీరు చూసే ఉంటారు. కరెంటు భూమిలోకి బాగా దిగాలనే అలా వేస్తారు. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్ళు ఇనుమును, రాగిని తినేస్తాయి కూడా. వైరు అతుకులు, స్క్రూలు తుప్పు పడతాయి. అక్కడి నుంచి కరెంటు బయటికి వస్తుంది.

రొయ్యల చెరువుల దగ్గర

రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తీరం వెంట రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళలో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. వాటి వైర్లు గట్టు మీదుగా చెరువులోకి వెళతాయి. మూడు ఫేజుల మోటార్లకు వచ్చే కరెంటు సుమారు 415 వోల్టులు. ఇంట్లో కరెంటు 230 వోల్టులే. అదే మనిషిని చంపగలదు.

చెరువు పనికి వెళితే ఇవి గుర్తుంచుకోండి.

మెయిన్ ఆపకుండా చెరువులోకి దిగవద్దు. ఆపినవాళ్ళు స్విచ్చు దగ్గరే ఉండాలి. తెలియక ఇంకొకరు వేసేస్తే ప్రమాదం.

గట్టు మీద పడి ఉన్న వైరును తొక్కవద్దు, చేత్తో జరపవద్దు. టేపు చుట్టిన అతుకు నీళ్ళలో ఉండకూడదు.

"కరెంటు ఆపారా?" అని అడగడం తప్పు కాదు. కూలి పోతుందేమోనని ఊరుకోవద్దు.

ఇంట్లో చేపల తొట్టి

తెనాలిలాంటి పట్టణాల్లో కొందరు ఇళ్ళలో అద్దాల తొట్టి పెట్టి చేపలు పెంచుతారు. సముద్రపు చేపలైతే ఉప్పునీళ్ళు పోయాలి. తొట్టిలో చిన్న పంపు, దీపం ఉంటాయి. వాటిలో ఏది చెడిపోయినా నీళ్ళలోకి కరెంటు వస్తుంది.

"చేపలు బాగానే తిరుగుతున్నాయి కదా" అని చెయ్యి పెట్టవద్దు. కరెంటు తీగ మీద పిట్ట వాలితే దానికి ఏమీ కాదు. ఎందుకంటే అది నేలను తాకడం లేదు. చేప సంగతీ అంతే. చుట్టూ గాజు ఉంది. కరెంటు నేలలోకి పోవడానికి దారి లేదు. మనం నేల మీద నిలబడి చెయ్యి పెడితే మనమే ఆ దారి అవుతాం.

అందుకే తొట్టి కడిగేముందు ప్లగ్గులన్నీ పీకేయాలి. వైరును ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదలాలి. అప్పుడు వైరు వెంట జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందనే కారిపోతాయి.

ఫ్యూజు ఉంది కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. ఇంట్లో ఫ్యూజు 5 ఆంపియర్లది అనుకుందాం. అంతకంటే ఎక్కువ కరెంటు పారితేనే అది పోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో నూరో వంతు కూడా చాలు. ఫ్యూజు వైర్లను కాపాడుతుంది. మనిషిని కాపాడలేదు.

మనిషిని కాపాడేవి రెండు.

ఒకటి, ఎర్త్. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావుపాటి పిన్ను ఎర్త్‌ది. దాన్ని విరగ్గొట్టి వాడవద్దు. ఎర్త్ గొయ్యి ఎండిపోకుండా నీళ్ళు పోయాలి.

రెండు, ఆర్.సి.సి.బి. అనే స్విచ్చు. డ్వాక్రా పుస్తకంలో జమ, ఖర్చు సరిచూసినట్టు, ఇది వెళ్ళిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును సరిచూస్తుంది. లెక్క తప్పితే రెప్పపాటులో ఆపేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లది అడగండి. దాని మీద 'టి' అక్షరం ఉన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. కరెంటు పోతే స్విచ్చు బాగున్నట్టు.

ఎవరికైనా షాక్ కొడితే

ముట్టుకోవద్దు. నీళ్ళలో ఉంటే దూకవద్దు. కాపాడబోయినవాళ్ళు కూడా చనిపోతారు. ముందు మెయిన్ ఆపండి. ఇంట్లో స్విచ్చు అందకపోతే పొడి చెక్క మీద నిలబడి, ఎండుకర్రతో వైరును తప్పించండి. స్తంభం మీది తీగ తెగి పడితే కర్రతో కూడా ముట్టవద్దు. దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

మనిషిని బయటికి తెచ్చాక 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కుతూ ఉండండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. సాయం వచ్చేదాకా ఆపవద్దు.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ముట్టుకుంటే జివ్వుమనేది ఏదైనా ఉందా? దాన్ని ఎవరికి చూపిస్తారు?
2. మీరు పనిచేసే చోట మెయిన్ స్విచ్చు ఎక్కడ ఉంది?
3. 1912, 108. ఈ రెండు నంబర్లు మీ చేత్తో రాసి, గోడ మీద అందరికీ కనపడేలా అంటించండి.