ఫోటో కథలో పొరుగువాడు

రాయలసీమ పల్లెలకు బొమ్మల కథ కొత్త కాదు. దీపం వెలుగున ఆడిన తోలుబొమ్మకు తెరచాటు నుండి గొంతునిచ్చి, రామాయణ భారతాలను రాత్రుల తరబడి వినిపించినారు మనవారు. తెరకు బదులు కాగితం, తోలుబొమ్మకు బదులు ఛాయాచిత్రం, గొంతుకు బదులు బుడగలో వ్రాసిన మాట పెట్టినచో ఫోటో కథ అవుతుంది. ఇటలీలో 1947 ప్రాంతాన ప్రేమకథల కొరకు ప్రచారంలోకి వచ్చిన ఈ ప్రక్రియను లాటిన్ అమెరికా దేశాలలో ఆరోగ్య బోధకు మళ్ళించినారు.

చిన్న కథ ఎంత పని చేయగలదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథ చదివి, అది తమ కథయే అనుకొని, సారా దుకాణం మూయించినారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరు 1న నాటి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. వాచకంలోని సీతమ్మ వారి ఊరి మనిషి కాదు. కాకపోవుటయే మేలయిందేమో!

ఈ తలంపు నాకు మా విద్యార్థుల వలన కలిగినది. కర్నూలు, కడప సీమల నడుమ పారే కె.సి. కాలువ నీరు అందని ఒక మెట్ట గ్రామంలో వారొక ఫోటో కథ తీసినారు. రెండు బోర్లు ఎండిన రైతు మూడవ దానికి అప్పు చేయబోగా భార్య వారించి, చేనిలో నీటిగుంట త్రవ్వించుట ఇతివృత్తం. పన్నెండు బొమ్మలు. మాటలు వ్రాయుటకు పైన ఆకాశం ఖాళీగా ఉండునట్లు కెమెరాను నేలకు దించి తీసినారు. ఒక్కొక్క బుడగలో పది మాటలకు మించనీయలేదు. వేషం కట్టినవాడు ఆ ఊరి రైతే. రచ్చబండ వద్ద గోడకు అంటించగానే, చదువు రాని ముసలివారు సైతం బొమ్మలను బట్టి కథ చెప్పసాగినారు. నా సంతోషానికి మేర లేదు.

నెల తిరిగి వెళ్ళేసరికి ఊరంతా ఆ రైతును "మూడో బోరు" అని పిలుస్తున్నారు! నిజానికి అతనికి అప్పే లేదు.

"సార్, బిడ్డకు సంబంధాలు చూస్తాండాము. ఆ కాగితం పీకించండి" అన్నాడు.

తోలుబొమ్మకు ఇరుగుపొరుగు లేదు. ఫోటోలోని మనిషికి ఉన్నది. తెలిసిన ముఖం కనుకనే జనం ఆగి చూచినారు. తెలిసిన ముఖం కనుకనే కథ అతని మెడకు చుట్టుకొన్నది. కాగితం ఆనాడే తీసివేసినాము. తరువాతి కథను అంటించక ముందే నటించినవారికి, వారి ఇంటివారికి చూపించినాము. చివర ఒక బొమ్మ అదనంగా చేర్చినాము. అందులో నటులందరు వేషాలు విడిచి, నవ్వుతూ వరుసగా నిలబడినారు. ఎవరు ఏ వేషం కట్టినారో క్రింద వ్రాసినాము.

ఈసారి ఆ రైతు తానుగా వచ్చి వేషం అడిగినాడు. బోరుబండి యజమాని వేషం!