కేసెట్టు పోయింది, కాగితం మిగిలింది

మణిరత్నం 'రోజా' (1992) పాటలు ఎవరు కట్టారని అడిగితే మనలో ఎవరైనా ఠక్కున చెబుతారు. ఆ పాటల్ని అమ్మిన కంపెనీ ఏదంటే మాత్రం కాస్త ఆలోచించాలి. అది బెంగుళూరుకు చెందిన లహరి. స్థాపించినది జి. మనోహర్ నాయుడు, 1974లో. రికార్డులు, కేసెట్లు, సీడీలు, ఎంపీ3లు వచ్చి వెళ్ళినా ఆ కంపెనీ నిలిచింది. ఎలా నిలిచిందన్నది సాఫ్ట్‌వేర్ వాళ్ళు తెలుసుకోదగ్గ సంగతి.

1974లో ఇంట్లో పాట వినాలంటే రేడియో, లేదా గ్రామఫోను రికార్డు. రికార్డు అచ్చు వెయ్యాలంటే పెద్ద ఫ్యాక్టరీ ఉండాలి. అందుకే మన దేశంలో ఆ వ్యాపారం చాలాకాలం హెచ్ఎంవీ చేతిలోనే ఉండిపోయింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన కేసెట్టు మన దగ్గర 1980లలో ఇంటింటికీ చేరాక ఆ కోట కూలింది. కొద్దిపాటి పెట్టుబడి, కాపీలు తీసే యంత్రాలు ఉంటే చాలు, ఎవరైనా పాటల కంపెనీ పెట్టొచ్చు. ఢిల్లీలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ అలాగే ఎదిగింది. దక్షిణాదిలో లహరికి కన్నడ 'ప్రేమలోక' (1987) పెద్ద పేరు తెచ్చింది. తర్వాత 'దళపతి' (1991), ఆ వెనకే 'రోజా'.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. చౌకగా, సులువుగా కాపీ అవడమే కేసెట్టు బలం. దొంగ కేసెట్లు పుట్టిందీ ఆ బలం నుంచే. ఎంపీ3 వచ్చాక పరిస్థితి ఇంకా ముదిరింది. లెక్క చూడండి: ఆడియో సీడీలో పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. ఎంపీ3కి 128 సరిపోతాయి, అంటే పదకొండో వంతు. 700 మెగాబైట్ల డిస్కులో అయిదు నిమిషాల పాటలు సుమారు 140 పడతాయి. పది సినిమాల పైచిలుకు పాటలు ఒక్క డిస్కులో ఫుట్‌పాత్ మీద దొరుకుతుంటే, ఒక సినిమా కేసెట్టు ఎవరు కొంటారు?

ప్లాస్టిక్ అమ్మడమే తన వ్యాపారం అనుకున్నవాడికి అక్కడితో కథ ముగిసినట్టే. లహరి చేతిలో ఇంకొకటి ఉంది: నిర్మాతల దగ్గర కొన్న హక్కుల కాగితాలు. 2007లో యూట్యూబ్ తెచ్చిన కంటెంట్ ఐడీ ఆ కాగితాలకు కొత్త విలువ కట్టింది. మనం ఫైళ్ళు పోల్చడానికి వాడే హ్యాష్ ఒక్క బిట్టు మారినా మారిపోతుంది. కంటెంట్ ఐడీ పద్ధతి వేరు. అది పాట ధ్వనినే వేలిముద్రలాగా గుర్తుపెట్టుకుంటుంది. ఎవరి పెళ్ళి వీడియోలోనో వెనక వినిపించినా పట్టేస్తుంది. ఆ వీడియోను ఆపాలా, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవాలా అన్నది హక్కుదారు ఇష్టం. నిన్నటిదాకా నష్టం తెచ్చిన కాపీ ఇప్పుడు రాబడి తెస్తోంది. 'బాహుబలి' (2015) పాటలు లహరివే. 'ఆర్ఆర్ఆర్' పాటలు టీ-సిరీస్‌తో కలిసి విడుదల చేసింది. అందులో 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చింది. 2024లో వచ్చిన ఉపేంద్ర 'యూఐ' సినిమా నిర్మాతల్లో మనోహర్ నాయుడు కూడా ఉన్నారు.

మరి పాట రాసినవాళ్ళు, కట్టినవాళ్ళ మాటేమిటి? కేసెట్ల రోజుల్లో ఒకసారి డబ్బు పుచ్చుకుని సంతకం పెడితే, చాలామందికి ఆ పాటతో లెక్క తీరిపోయినట్టే. భారత కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ రెండు సంగతులు తేల్చింది. సంతకం పెట్టేనాటికి పుట్టని, లేదా వ్యాపారంలోకి రాని మాధ్యమానికి, ఒప్పందంలో దాని పేరు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ఆ ఒప్పందం వర్తించదు. రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో, హక్కుల సంఘానికో తప్ప మరెవరికీ వదులుకోలేరు. కంపెనీని యాభై ఏళ్ళు నిలబెట్టిన కాగితంలో కళాకారుడికీ ఒక వాక్యం దక్కడానికి ఇంతకాలం పట్టింది.

ఇదంతా మనకెందుకు అంటారా? నేనుండే బోటనీ డౌన్స్‌లోనూ, ఆక్లండ్ అంతటా నాలాంటి కాంట్రాక్టు కన్సల్టెంట్లు చాలామంది. న్యూజీలాండ్ 1994 కాపీరైటు చట్టం 21వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి రాయించుకున్న కంప్యూటర్ ప్రోగ్రాముకు, వేరే ఒప్పందం లేకపోతే, రాయించుకున్నవాడే యజమాని. అదే సెక్షన్‌లో ప్రోగ్రాము సరసన సౌండ్ రికార్డింగు కూడా ఉంది. చట్టం దృష్టిలో మన కోడూ పాటా ఇరుగుపొరుగులే.

జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా అని మనం గంటలు గంటలు మాట్లాడుకుంటాం. అవి కేసెట్టు, సీడీ లాంటివి, వస్తాయి, పోతాయి. పదేళ్ళుగా రాసిన లైబ్రరీ ఎవరిదన్నది మాత్రం సంతకం పెట్టిన పేజీలో ఉంటుంది. గంటకు ఎంత అన్న పేజీ అందరం చదువుతాం. మరోసారి కాంట్రాక్టు వచ్చినప్పుడు హక్కుల పేజీ కూడా చదవండి. మార్చమని అడగాలంటే సంతకానికి ముందే అడగాలి.