67 సెకన్లు కాదు.. 90 నిమిషాలు! ప్రొఫెసర్లకే చిక్కని ఆ 'ఆరో లెక్క' పదో తరగతి పాఠంతో ఎలా తేలింది?

ఏపీ, తెలంగాణ విద్యార్థులకు ఈఏపీసెట్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. లెక్కేస్తే ఒక్కో ప్రశ్నకు దొరికేది సుమారు 67 సెకన్లే. కానీ ఇదే వయసు పిల్లలు రాసే మరో పరీక్ష ఉంది. అక్కడ రోజుకు మూడే ప్రశ్నలు. టైమ్ మాత్రం నాలుగున్నర గంటలు. అంటే ఒక్కో లెక్కకు 90 నిమిషాలు! అయినా కొన్ని లెక్కలు చాలామందికి తేలవు. అదే ఇంటర్నేషనల్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్.. షార్ట్‌గా ఐఎంఓ.

మరి అంత టైమ్ ఇచ్చినా తేలని ఆ లెక్కల్లో ఏముంటుంది? సిలబస్ అంత కష్టమా? అసలు విషయం అక్కడే ఉంది. ఐఎంఓలో కాలిక్యులస్ అవసరమే రాదు. బీజగణితం, రేఖాగణితం, సంఖ్యా సిద్ధాంతం, కాంబినేటరిక్స్.. ఈ నాలుగే. హైస్కూల్ పునాది ఉంటే ప్రశ్న అర్థమైపోతుంది. జవాబు ఏ దారిలో వెళ్తే వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ దారి వెతకడమే పరీక్ష.

ఐఎంఓ ఎప్పుడు మొదలైంది?

1959లో రొమేనియాలో ఏడు దేశాలతో ఈ పోటీ మొదలైంది. ఒక్కో దేశం నుంచి గరిష్ఠంగా ఆరుగురు విద్యార్థులు వెళ్తారు. రెండు రోజుల్లో ఆరు లెక్కలు. ఒక్కో లెక్కకు 7 మార్కులు, మొత్తం 42. ఆప్షన్లు ఉండవు, టిక్ పెట్టడాలు ఉండవు. ప్రతి జవాబుకీ పూర్తి నిరూపణ రాయాల్సిందే. లెక్క పూర్తి కాకపోయినా, సరైన దారిలో కొంత దూరం వెళ్తే ఆ మేరకు మార్కులు ఇస్తారు.

1989 నుంచి భారత్ ఇందులో పాల్గొంటోంది. 1996లో ముంబైలో ఆతిథ్యం కూడా ఇచ్చింది. 2024లో బ్రిటన్‌లోని బాత్ నగరంలో జరిగిన పోటీలో మన జట్టు 4 బంగారు, 1 రజత పతకాలతో నాలుగో స్థానంలో నిలిచింది. 2025లో ఆస్ట్రేలియాలో 3 బంగారు, 2 రజత, 1 కాంస్య పతకాలు సాధించింది.

ముందు ఓ చిన్న లెక్క చూద్దాం

1959 తొలి పోటీలో మొట్టమొదటి ప్రశ్న ఇది. ఏదైనా ఒక సంఖ్య అనుకోండి. దాన్ని 21తో గుణించి 4 కలపండి.. అది లవం. అదే సంఖ్యను 14తో గుణించి 3 కలపండి.. అది హారం. ఈ భిన్నాన్ని ఎప్పటికీ ఇంకా సూక్ష్మీకరించలేం అని నిరూపించాలి.

1 తీసుకుంటే 25/17. 2 తీసుకుంటే 46/31. 3 తీసుకుంటే 67/45. నిజంగానే కొట్టివేతలు పోవడం లేదు. కానీ మూడు సంఖ్యలకు సరిపోయింది కదా అని నిరూపణ అయిపోదు. సంఖ్యలకు అంతు లేదు కదా!

కిటుకు ఇదీ.. హారాన్ని 3తో గుణించండి. 42 రెట్లు ఆ సంఖ్య, ప్లస్ 9 వస్తుంది. లవాన్ని 2తో గుణించండి. 42 రెట్లు ఆ సంఖ్య, ప్లస్ 8 వస్తుంది. రెండింటి తేడా ఎప్పుడూ 1. లవాన్నీ, హారాన్నీ భాగించే సంఖ్య ఏదైనా ఉంటే అది ఈ 1ని కూడా భాగించాలి. 1ని భాగించేది 1 ఒక్కటే. అంతే, లెక్క అయిపోయింది. రెండు లైన్ల గుణకారాలు, ఒక తీసివేత. కొత్త సూత్రం ఒక్కటీ వాడలేదు.

ప్రొఫెసర్లకే చుక్కలు చూపించిన లెక్క

ఇక అసలు కథకు వద్దాం. 1988లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఐఎంఓ జరిగింది. అందులో ఆరో ప్రశ్న ఇప్పటికీ గణిత ప్రియుల నోళ్లలో నానుతూనే ఉంది. దీని వెనక కథను జర్మనీకి చెందిన ఆర్థర్ ఎంగెల్ తన 'ప్రాబ్లమ్ సాల్వింగ్ స్ట్రాటజీస్' పుస్తకంలో రాశారు. ఆస్ట్రేలియా ప్రశ్నల కమిటీలో ఎవరికీ ఈ లెక్క తేలలేదు. దాంతో ఆ దేశంలో పేరున్న నలుగురు సంఖ్యా సిద్ధాంత నిపుణులకు పంపారు. ఆరు గంటలు టైమ్ ఇచ్చారు. వాళ్లకూ కుదరలేదు. అయినా జ్యూరీ ధైర్యం చేసి దాన్ని పేపర్లో పెట్టేసింది.

ఆ ఏడాది పోటీలో ఉన్నది 268 మంది విద్యార్థులు. వారిలో 11 మంది ఆ లెక్కను పూర్తిగా సాధించారు!

ఇంతకీ ప్రశ్న ఏంటంటే.. రెండు ధన పూర్ణసంఖ్యలు తీసుకోండి. రెండింటి వర్గాలను కలపండి. ఆ మొత్తాన్ని, ఆ రెండు సంఖ్యల లబ్ధానికి 1 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించండి. శేషం లేకుండా భాగం పోతే, వచ్చే భాగఫలం కచ్చితంగా పరిపూర్ణ వర్గమే అవుతుంది. ఎందుకో నిరూపించాలి.

ఉదాహరణకు 2, 8 తీసుకుందాం. వర్గాల మొత్తం 4 + 64 = 68. లబ్ధం 16, దానికి 1 కలిపితే 17. 68ని 17తో భాగిస్తే 4. అంటే 2 వర్గం. 3, 27 తీసుకుంటే.. 738ని 82తో భాగించాలి, 9 వస్తుంది. అంటే 3 వర్గం. 2, 3 తీసుకుంటే మాత్రం 13ని 7తో భాగించాలి, శేషం మిగులుతుంది. కాబట్టి ఆ జత లెక్కలోకి రాదు. శేషం లేకుండా పోయిన ప్రతిసారీ మాత్రం వర్గ సంఖ్యే వస్తోంది. ఎందుకు?

మెట్లు దిగితే జవాబు దొరికింది

ఇప్పుడు కాస్త పెద్ద జత చూద్దాం.. 30, 112. వర్గాల మొత్తం 900 + 12,544 = 13,444. లబ్ధానికి 1 కలిపితే 3,361. భాగిస్తే సరిగ్గా 4.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. 30ని అలాగే ఉంచి, భాగఫలం 4నూ అలాగే ఉంచి, 112 స్థానంలో ఇంకో సంఖ్య పెట్టొచ్చా? తెలియని ఆ సంఖ్యను ఎక్స్ అనుకుంటే వచ్చే సమీకరణం ఇది: ఎక్స్ వర్గం – 120 ఎక్స్ + 896 = 0. వర్గ సమీకరణానికి రెండు మూలాలు ఉంటాయని పదో తరగతి పిల్లలకు తెలుసు. ఒకటి 112 అని మనకు ముందే తెలుసు. మూలాల మొత్తం 120. కాబట్టి రెండోది 120 – 112 = 8. అంటే 30, 112 జత నుంచి 8, 30 జతకు దిగాం. భాగఫలం మాత్రం మారలేదు, 4 అలాగే ఉంది.

మళ్లీ అదే పని చేద్దాం. 8ని 4తో గుణిస్తే 32, అందులోంచి 30 తీస్తే 2. ఇప్పుడు జత 2, 8. ఇంకోసారి.. 2ను 4తో గుణిస్తే 8, అందులోంచి 8 తీస్తే 0. చివరికి మిగిలిన జత 0, 2.

ఇక్కడికి రాగానే ముడి వీడిపోయింది. సున్నా ఉంటే లబ్ధం సున్నా. దానికి 1 కలిపితే 1. వర్గాల మొత్తం 2 వర్గం, అంటే 4. 4ని 1తో భాగిస్తే 4. పై మెట్టు మీద ఉన్న 4, కింది మెట్టు మీద ఉన్న 4 ఒకటే. అందుకే అది వర్గ సంఖ్య అయింది!

అన్ని జతలకూ ఇలాగే జరుగుతుందా?

జరుగుతుందని చెప్పడానికి మూడు విషయాలు చాలు.

ఒకటి.. ప్రతి మెట్టులో వచ్చే కొత్త సంఖ్య పూర్ణసంఖ్యే. ఎందుకంటే చిన్న సంఖ్యను భాగఫలంతో గుణించి, అందులోంచి పెద్ద సంఖ్యను తీసేస్తున్నాం. పూర్ణసంఖ్యల మధ్య గుణకారం, తీసివేత చేస్తే భిన్నం రాదు.

రెండు.. కొత్త సంఖ్య మైనస్‌లోకి వెళ్లదు. వెళ్లిందనుకుంటే, లబ్ధానికి 1 కలిపినా సున్నా గానీ రుణ సంఖ్య గానీ అవుతుంది. అటు వర్గాల మొత్తం ప్లస్‌లో ఉంటుంది. భాగఫలం ధన సంఖ్య కాబట్టి ఈ రెండూ పొసగవు.

మూడు.. కొత్త సంఖ్య, జతలోని చిన్న సంఖ్య కంటే కూడా తక్కువే. రెండు మూలాల లబ్ధం, చిన్న సంఖ్య వర్గంలోంచి భాగఫలం తీసేసినంత. అంటే చిన్న సంఖ్య వర్గం కంటే తక్కువ. అందులో ఒక మూలం చిన్న సంఖ్యకు సమానం గానీ అంతకంటే పెద్దది గానీ. కాబట్టి రెండో మూలం చిన్న సంఖ్య కంటే తగ్గాల్సిందే.

ఇంకేముంది? సంఖ్యలు ఎంత పెద్దవైనా ఇలా తగ్గుకుంటూ ఎంతకాలం పోతాయి? ఎక్కడో ఒకచోట సున్నాకు చేరాల్సిందే. సున్నా వచ్చిందంటే భాగఫలం వర్గ సంఖ్యే. ఈ పద్ధతికే తర్వాత 'వియెటా జంపింగ్' అనే పేరు స్థిరపడింది. మూలాల మొత్తం, లబ్ధం సంబంధాలను 16వ శతాబ్దంలో వెలుగులోకి తెచ్చిన ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఫ్రాన్స్వా వియెట్ పేరు మీదుగా వచ్చింది. ఇప్పుడు ఒలింపియాడ్‌కు తయారయ్యే పిల్లలంతా దీన్ని నేర్చుకుంటున్నారు. ఒకప్పుడు నిపుణులకే అందనిది.. ఇప్పుడు ఓ పాఠం అయిపోయింది.

ఆ పరీక్ష రాసినవాళ్లు ఏమయ్యారు?

1988లో ఫుల్ మార్కులు, అంటే 42కి 42 తెచ్చుకున్నవారిలో వియత్నాం విద్యార్థి గో బావో చౌ ఒకరు. 2010లో ఆయన గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్నారు. అదెక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే! ఆ ఏడాది అంతర్జాతీయ గణిత మహాసభలు భాగ్యనగరంలోనే జరిగాయి. అదే 1988లో 42కి 42 సాధించిన మరో కుర్రాడు నికుషోర్ డాన్. 2025 మేలో ఆయన రొమేనియా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

ఇంకో పేరు టెరెన్స్ టావ్. 13 ఏళ్లకే అదే పోటీలో ఆస్ట్రేలియా తరఫున బంగారు పతకం గెలిచాడు. 2006లో ఫీల్డ్స్ మెడల్ కూడా వచ్చింది. ప్రపంచంలోని గొప్ప గణిత శాస్త్రవేత్తల్లో ఒకరిగా ఇవాళ ఆయన పేరు చెబుతారు. మరి ఆ ఆరో లెక్కలో టావ్‌కు వచ్చిన మార్కులు ఎన్నో తెలుసా? 7కి 1 మాత్రమే.

తల్లిదండ్రులు, విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది ఇదే. 67 సెకన్లలో జవాబు తట్టకపోతే 'నాకు మ్యాథ్స్ రాదు' అనే ముద్ర పిల్లల మీద చాలా తొందరగా పడిపోతోంది. కోచింగ్‌లో వేగం అలవాటైన పిల్లలు.. తెలియని లెక్క ముందు పది నిమిషాలు కూర్చోవడానికే భయపడతారు. ఎంట్రన్స్ పరీక్షకు వేగం కావాల్సిందే, అందులో తప్పేమీ లేదు. కానీ వేగం ఒక నైపుణ్యం, దారి తెలియని చోట ఓపిగ్గా వెతకడం ఇంకో నైపుణ్యం. మొదటిది తక్కువున్న పిల్లాడికి రెండోది పుష్కలంగా ఉండొచ్చు.

మన పిల్లలు ఐఎంఓకు వెళ్లాలంటే?

మన దేశంలో ఈ ప్రక్రియకు కేంద్రం ముంబైలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్. ఇటీవలి సంవత్సరాల పద్ధతి ప్రకారం దశలు ఇలా ఉన్నాయి:

* ఐఓక్యూఎం: తొలి మెట్టు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. జవాబులన్నీ రెండంకెల్లోపు పూర్ణసంఖ్యలే. నెగెటివ్ మార్కులు లేవు.
* ఆర్ఎంఓ: ప్రాంతీయ స్థాయి. ఇక్కడి నుంచి పూర్తి నిరూపణలు రాయాలి.
* ఐఎన్ఎంఓ: జాతీయ స్థాయి.
* శిక్షణ శిబిరం: ఇక్కడి నుంచే ఆరుగురి జట్టును ఎంపిక చేస్తారు.

ఒక హెచ్చరిక. 'ఒలింపియాడ్' అని పేరు పెట్టుకుని స్కూళ్లలో జరిగే ప్రైవేట్ పరీక్షలు చాలానే ఉన్నాయి. వాటిలో ర్యాంకు వచ్చినా భారత జట్టుకు దారి దొరకదు. పైన చెప్పిన మెట్లు ఎక్కాల్సిందే. అర్హత, తేదీలు ఏటా మారొచ్చు కాబట్టి అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి.

జట్టులో చోటు దక్కకపోయినా శ్రమ వృథా కాదు. ఐఎన్ఎంఓలో సత్తా చాటినవారికి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ప్రవేశాల్లో ప్రత్యేక అవకాశాలు ఉన్నాయి.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

పాత ప్రశ్నపత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వారానికి ఒక్క లెక్క చాలు. గంటసేపు జవాబు చూడకూడదు. ముందు చిన్న సంఖ్యలు వేసి చూడాలి, పట్టిక రాసుకోవాలి, ఏది ప్రయత్నిస్తే ఎక్కడ ఆగిపోయిందో కాగితం మీద పెట్టాలి. ఆ తర్వాతే జవాబు చూడాలి. చూసి వదిలేయకుండా, పుస్తకం మూసి సొంత మాటల్లో మొత్తం నిరూపణ తిరగరాయాలి.

మొదటి లెక్కకు ఇదిగో ఓ చిన్న పని.. పై ఆరో ప్రశ్నలో భాగఫలం 9 వచ్చే జత 3, 27 అని చూశాం. అక్కడి నుంచి ఒక మెట్టు పైకి ఎక్కితే వచ్చే జత ఏది? 67 సెకన్ల గడియారం పక్కన పెట్టి ప్రయత్నించండి.