ఊడిపోయే పళ్లే కదా అనుకోకండి!

పుచ్చుపళ్ల పిల్లల్ని దవాఖానాకు తీసుకొచ్చే తల్లులు చాలామంది ఈ మాటే అంటారు. నిజానికి 20 పాలపళ్లలో వెనక దవడ పళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండాలి. ముందే పీకించాల్సి వస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, కొత్త పన్నుకు చోటు దొరకదు.

ఎక్కువగా చెడగొట్టేది రాత్రి పాలసీసా. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, చక్కెర పాలు పై ముందుపళ్లకు అంటుకునే ఉంటాయి. చిగురు దగ్గర తెల్లటి చారలు కనబడగానే చూపించండి, అప్పుడైతే ఆపవచ్చు. నల్లబడ్డాక మా సనూన్‌లు, మీ పసుపు ఆ రంధ్రాన్ని పూడ్చలేవు.

పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు తేనె రాయడం మన ఇళ్లలో పాత అలవాటు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాలుక మీద కూడా వద్దు. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. లవంగనూనె కూడా వద్దు. శుభ్రంగా కడిగిన వేలితో మెల్లగా రుద్దితే చాలు. ఆ వేలికి మహారాష్ట్రలో మిశ్రీ, ఒడిశాలో గుడాఖు అంటి ఉంటే మాత్రం పిల్లల నోటి దగ్గరికే తేకండి. రెండూ పొగాకే!

మిస్వాక్ పెద్దలకు మంచిదే. పసి చిగుళ్లకు మెత్తటి బ్రష్, బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. మూడేళ్లు నిండాక బఠాణీగింజంత. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి.

ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనక ఒక దవడపన్ను వస్తుంది. దాన్నీ పాలపన్నే అనుకుని పుచ్చేదాకా వదిలేస్తారు. అది పోతే మళ్లీ మొలవదు.